వెనక్కి చూడకుండా వచ్చిన చోటు

పళ్లు రాని బిడ్డ పోతే కాల్చరు, పూడుస్తారు. టాటానగర్ రైలు పట్టాల వెనక ఉన్న తెలుగు బస్తీలో ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. బిడ్డని తండ్రి ఎత్తుకుని వెళ్లాలి, తోడుగా ఒక పెద్దాయన ఉండాలి, తల్లి గడప దాటకూడదు. గొయ్యి తవ్వి, ఇంత ఉప్పు పోసి, మట్టి కప్పి, పైన ముళ్లకంప పరిచి నాలుగు రాళ్లు పేర్చాలి. ఆ తర్వాత ఏట్లో మునిగి ఇంటికొచ్చెయ్యాలి. వెనక్కి మాత్రం చూడకూడదు. చూస్తే బిడ్డ వెంట వస్తుందిట. చోటెక్కడో తల్లికి చెప్పకూడదు. చెబితే ఆవిడ మనసు అక్కడే పాతుకుపోయి, ఆ బిడ్డ మళ్లీ ఆమె కడుపున పడదుట. ఎవరు పెట్టారో గానీ ఈ ఆచారం, కడుపుకోత ఎరిగినవాళ్లే పెట్టి ఉంటారు.

దేముడు ఆచారం తప్పని మనిషి. అదే అతని కొంప ముంచింది.

అతను రైల్వేలో ట్రాక్‌మ్యాన్. ఏ బోల్టు వదులైందో, ఏ స్లీపరు కింద కంకర జారిందో చూసి ఎర్రరంగుతో గుర్తు పెట్టడం పని. ఇరవై ఏళ్లు కావస్తోంది, పెద్దపిల్ల పుట్టి మూడు నెలలైనా నిండకుండా కామెర్లొచ్చి పోయింది. బారసాల దసరాకి చేద్దాంలే అనుకున్నారు, కాబట్టి పేరు కూడా లేదు. మేనమామ భీమారావు, అంటే పెళ్లాం ఈశ్వరికి కన్నతండ్రే, గునపం పట్టుకుని ముందు నడిచాడు. దేముడు తువ్వాలులో చుట్టిన బిడ్డని పట్టుకుని వెనక నడిచాడు. ఖర్కాయ్ ఏటి ఒడ్డున, తుప్పల మధ్య, మామే చోటు చూశాడు, మామే తవ్వాడు. అంతా అయ్యాక, "పద, ఎనక్కి సూడకు" అన్నాడు. దేముడు చూడలేదు. మెడ నొప్పెట్టేలా తల బిగించుకుని ఇంటికొచ్చాడు. ఆ నెలలోనే ఏరు పొంగి ముళ్లకంపనీ రాళ్లనీ ఊడ్చుకుపోయింది. భీమారావు పోయి కూడా చాలా కాలమైంది.

రెండేళ్లకి బిందుప్రియ పుట్టింది. ఎడం చెవి కింద పుట్టుమచ్చ చూసి, పోయిన గుంటే, ఆ పసిపిల్లే, మళ్లీ వచ్చిందని బస్తీ ముసలమ్మలు తేల్చేశారు. ఈశ్వరి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. వానాకాలం మొదలైతే మాత్రం అన్నం ముందు పెట్టుకుని ఏటి వైపు చూస్తూ కూర్చునేది. చోటు ఎక్కడని ఏనాడూ అడగలేదు. మొగుడికి తెలుసు, చెప్పకూడదు గనక చెప్పడంలేదు, అంతే కదా అనుకుంది. దేముడు కూడా ఆవిడని అలా అనుకోనిచ్చాడు.

ఇదిలా ఉండగా ఆ ఏటి ఒడ్డుకి ఒక దేశం వచ్చి పడింది.

దేశం అంటే దేశమే. ఎక్కడో ఉత్తరాన, ఏడాదిలో సగం మంచు కింద ఉండే చిన్న దేశం. వాళ్ల ఫ్యాక్టరీలు వదిలే పొగకి బదులుగా ఇక్కడ చెట్లు పెంచుతారుట. మన సర్కారూ వాళ్ల సర్కారూ కూర్చుని సంతకాలు పెట్టుకున్నాయి. పొగకి సరిహద్దు లేదు గనక చెట్టు ఎక్కడ పెరిగినా భూమికి ఒకటే అని వాళ్ల మాట. తప్పని ఎలా అంటాం? ఒడ్డు కోసుకుపోకుండా ఆగుతుంది. రాత్రికి రాత్రి లారీల్లో తెచ్చి పోసే చెత్త ఆగుతుంది. మండువేసవిలో పొగా ధూళీ కలిసి కళ్లల్లో పడే ఊరికి నాలుగు చెట్లు చేదా? దేముడికీ సంబరంగానే అనిపించింది. బిందుప్రియ అయితే ఊళ్లో కాసిడీ పేటలో తను చదివే కాలేజీ తరఫున బొమ్మలు గీసి బస్తీ గోడలకి అంటించింది.

హద్దురాళ్లు పాతాక గానీ ఆ నేల ఏ నేలో ఎవరికీ తట్టలేదు. తట్టాక బస్తీలో ఆడవాళ్ల గొంతులు తగ్గిపోయాయి.

బస్తీలో షామియానా వేసి మీటింగు పెట్టారు. ప్రాజెక్టు తరఫున మాట్లాడింది ఉజ్వల అనే అమ్మాయి, విజయవాడ వైపు నుంచి వచ్చింది, తెలుగువాళ్లున్నారని ఆమెనే పంపారు. పక్కన ఆ దేశం నుంచి వచ్చిన పెద్దావిడ, జుట్టంతా తెలుపు, ఎండకి మొహం కందిపోయి ఉంది. సమోసాలు పంచారు. పొగ గురించి, వానల గురించి ఉజ్వల చెప్పినంతసేపూ అందరూ బుద్ధిగా విన్నారు. అప్పుడు ఈశ్వరి లేచింది. పదిమందిలో ఆవిడ నోరు విప్పడం దేముడు అదే చూడడం.

"మా బిడ్డ ఉందమ్మా ఆ మట్టిలో" అంది. "మిసను పెట్టి తవ్వితే ఎలగ?"

ఆ ఒక్క మాటతో తక్కిన ఆడవాళ్లూ లేచారు. పక్కింటి పోలయ్య పెళ్లాం పైడితల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఆవిడకి ఇద్దరు.

ఉజ్వల చిన్నబుచ్చుకోలేదు సరికదా, ఆమె మొహం వెలిగింది. "అమ్మా, దీని గురించి ఒప్పందంలోనే ఉంది. ఎవరి బిడ్డ ఎక్కడుందో చూపిస్తే ఆ చోటు ముట్టుకోం, చుట్టూ ఖాళీ వదిలేస్తాం. ఇది మేం చేసే దయ కాదు, మీ హక్కు. రెండు దేశాలూ ఒప్పుకున్న హక్కు. మీరు చూపిస్తే చాలు" అంది.

"మొత్తం ఒదిలేయండమ్మా" అన్నాడు పోలయ్య. "ఎక్కడని సూపించగలం? ఈ నేలంతా మా పిల్లలే."

"సర్కారు లెక్కలో ఇది శ్మశానం కాదండీ, బంజరు. హద్దులు పైన ఖాయమైపోయాయి. మార్చాలంటే ఆ రెండు సర్కార్లూ మళ్లీ కూర్చోవాలి. వాళ్లు ఎప్పుడు కూర్చుంటారో నాకే తెలీదు. కానీ ఒక్కొక్క చోటూ చూపిస్తే వదలడం నా చేతిలో ఉన్న పని. చూపించండి, నేను వదులుతాను."

పెద్దావిడ ఇదంతా ఇంగ్లీషులో చెప్పించుకుని, కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆవిడ మంచిది. ఉజ్వలా మంచిదే. ఆ ఒప్పందం రాసినవాళ్లెవరో వాళ్లూ మంచివాళ్లే, లేకపోతే ఎక్కడో ఏటి ఒడ్డున పాతిపెట్టిన పసికందుల గురించి ఎందుకు తలుచుకుంటారు? అందరూ మంచివాళ్లయిపోతే మనిషి ఎవరిని తిట్టుకోవాలి చెప్పండి? ఆడవాళ్లంతా తల తిప్పి తమ తమ మగాళ్ల వైపు చూశారు. మగాళ్లంతా నేల చూశారు.

ఆ సాయంత్రం ఈశ్వరి పొయ్యి వెలిగించలేదు.

"ఎక్కడ బావా?" అంది.

దేముడు పొయ్యి దగ్గర కూర్చుని పుల్లలు విరవడం మొదలెట్టాడు.

"ఇన్నేళ్లూ అడగలేదు. ఆచారం తప్పకూడదని నోరు కట్టుకున్నాను. ఇప్పుడు ఆచారం ఒద్దు. గుంట పుట్టేసింది, పెద్దదైపోయింది. ఇంక నాకు తెలిస్తే ఏటవుతాది? సెప్పు."

"అమ్మా, మై తో యహీఁ హూఁ" అంది బిందుప్రియ లోపల్నుంచి. నేను ఇక్కడే ఉన్నాను కదా అని. ఓదార్పుకే అన్నా ఆ పిల్ల గొంతులో కాస్త ఉక్రోషం ఉంది.

"నువ్వున్నావు తల్లీ" అంది ఈశ్వరి. "నువ్వు నువ్వే. అది అదే." ఆ మాట ఆవిడ ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు. అనేశాక ఆవిడే బిత్తరపోయి, మళ్లీ మొగుడి వైపు తిరిగింది. "మా అయ్య పోయేముందు అడుగుదామనుకున్నాను. నీకు తెలుసు కదాని ఊరుకున్నాను. మిసను ఒచ్చేత్తాది బావా. సూపిస్తావా, నేదా?"

తెలీదని చెప్పేస్తే పోయేది. ఆ ముక్క దేముడి గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఎలా చెబుతాడు? కన్నబిడ్డని ఎక్కడ పెట్టావంటే తెలీదనే తండ్రి ఉంటాడా? ఇన్నేళ్లూ ఆవిడ దిగులుకి ఒక ఆసరా ఉందంటే, ఎవరో ఒకరికి తెలుసులే అన్న ఆసరాయే. దాన్ని ఊడబెరకడానికి చేతులు రాలేదు.

"సూపిత్తాన్లే" అన్నాడు.

అనేశాక మొదలైంది అసలు నరకం. సెలవునాడు పొద్దున్నే ఒక్కడూ ఒడ్డుకి పోయాడు. తుప్పలు కొట్టేసి నేలంతా గుండు చేసినట్టు చేశారు. ఆ రోజు తగిలిన మోదుగ చెట్టు లేదు. దూరంగా కనిపించే ఇటుకల బట్టీ గొట్టం లేదు. అతనికి జ్ఞాపకమున్నది ఒక్కటే. బిడ్డని గోతిలో దించుతుంటే ఆదిత్యపూర్ వైపు పోయే గూడ్సు వంతెన ఎక్కింది. ఆ చప్పుడు ఎడం చెవిలో పడింది, అరికాళ్లలో మట్టి అదిరింది. పాతికేళ్లుగా రైళ్ల చప్పుడు వింటున్న చెవి కదా, దాన్నే నమ్ముకున్నాడు. కళ్లు మూసుకుని నిలబడి రైలొచ్చేదాకా కాచాడు. నాలుగడుగులు జరిగి మళ్లీ కాచాడు. చెప్పులు విప్పి మరీ నిలబడ్డాడు. ప్రతిచోటా అదే అనిపించింది, ఏ చోటూ అది కాదనిపించింది. కొత్త లైను కోసం పక్కన ఇంకో వంతెన కట్టాక రైళ్ల చప్పుడే మారిపోయింది. ఆ లైను పనిలో దేముడు కూడా ఉన్నాడు. ఇంక ఎవరిని అనాలి?

కళ్లు తెరిచేసరికి అల్లంత దూరంలో పోలయ్య, తలొంచుకుని, ఏదో పారేసుకున్నవాడిలా తిరుగుతున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏటిలగొచ్చినావు?" అన్నాడు దేముడు.

"ఊరికే. గాలికి." పోలయ్య బీడీ తీశాడు, వెలిగించలేదు. "నువ్వో?"

"నాను కూడా గాలికే."

వడగాడ్పులో గాలికొచ్చిన ఇద్దరు మగాళ్లూ కాసేపు ఏటి వైపు చూస్తూ నిలబడి, చెరో దారినా ఇంటికి పోయారు.

చూపించే రోజు రానే వచ్చింది. ఈశ్వరి తలంటుకుని, పెట్టెలోంచి నేత చీర తీసి కట్టుకుంది. ఆ ఒడ్డున అడుగుపెట్టడం ఆవిడకి అదే మొదటిసారి. ఉజ్వల చేతిలో చిన్న యంత్రం ఉంది, ఆకాశంలో తిరిగే ఉపగ్రహంతో మాట్లాడి ఎక్కడ నిలబడితే అక్కడి జాడ రాసుకుంటుంది. పక్కన పెద్దావిడ, ఆ వెనక సున్నం బకెట్టుతో ఒక కూలీ. వెనకాల బస్తీ బస్తీ అంతా.

"దేముడు గారూ, తొందరేం లేదు" అంది ఉజ్వల మెల్లగా. "బాగా గుర్తు చేసుకునే చూపించండి. ఒకసారి రాసుకున్నాక మార్చడం నావల్ల కాదు."

దేముడు నడిచాడు. వెనక ఈశ్వరి అడుగుల చప్పుడు వినిపిస్తోంది. నిలబడాలి కదా ఎక్కడో ఒకచోట. కాళ్లు ఎక్కడ ఆగితే అక్కడే అనుకున్నాడు, కాళ్లు ఆగలేదు. ఇంకో పది అడుగులు వేస్తే హద్దురాయి వస్తుందనగా ఆగిపోయాడు.

"ఇక్కడ" అన్నాడు.

"ఇక్కడేనా బావా?"

"ఇక్కడే."

ఈశ్వరి కూర్చుంది. ఏడవలేదు. జ్వరం చూసినట్టు నేలమీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. తర్వాత కొంగుతో అక్కడి గులకరాళ్లు ఏరి పక్కన పెట్టడం మొదలెట్టింది, బిడ్డకి గుచ్చుకుంటాయన్నట్టు. దేముడికి అక్కడికక్కడే ప్రాణం పోతే బాగుండుననిపించింది. కూలీ చుట్టూ సున్నం పోశాడు. యంత్రం కూసింది. ఉజ్వల రాసుకుంది.

"మరి మనయో?" అంది పైడితల్లి, పోలయ్య భుజం పట్టుకుని.

పోలయ్య దేముడి మొహం చూశాడు. ఒక్క క్షణమే. అయినా ఇద్దరికీ అన్నీ తెలిసిపోయాయి. "ఆ పక్కనే" అన్నాడు, సున్నపు గీత వైపు చెయ్యి చాపి. "రెండూ ఆ పక్కనే పెట్టినాను."

ఆ తర్వాత శివశంకర్, ఆదిబాబు, ఇంకా ఎవరెవరో తండ్రులు ముందుకొచ్చారు. ఒక్కొక్కరూ పెళ్లాం చెయ్యి పట్టుకొచ్చి అదే చోట, కొంచెం అటో కొంచెం ఇటో చూపించారు. కూలీ గీత చెరిపి పెద్దది గీశాడు, మళ్లీ చెరిపి ఇంకాస్త పెద్దది గీశాడు. మగాళ్లెవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. లోపల ఆడవాళ్లు మాత్రం ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూ కూర్చున్నారు, ఇన్నేళ్లకి బిడ్డలని చూడ్డానికొచ్చిన చుట్టాల్లాగా.

"అందరూ ఒకేచోట ఉండడం ఎంత మంచిదైంది" అంది ఉజ్వల. మనసు నిండి అన్న మాట. అందులో ఎగతాళి లేదు. పెద్దావిడ దేముడి దగ్గరికొచ్చి, రెండు చేతులూ జోడించి, నేర్చుకున్నట్టుంది, "నమస్తే" అంది. ఇంకేదో కూడా అంది.

"క్యా బోలీ?" ఏమంది అని కూతుర్ని అడిగాడు దేముడు.

"బోల్ రహీ హై, ఈ చోటు గురించి వాళ్ల దేశంలో అందరికీ చెప్తుందంట నాన్నా" అంది బిందుప్రియ.

తర్వాత మిషను వచ్చింది. ఆ రోజుల్లో దేముడు డ్యూటీకి సెలవే పెట్టలేదు. పట్టాల మీద సుత్తి పట్టుకుని ఉన్నా ఆ గుర్రుగుర్రు చెవిన పడేది. మనిషి నడుం లోతు గుంటలు, చదరంగం పలకలా, నేల నేలంతా. సున్నపు గీత దగ్గరికొచ్చేసరికి మిషను నడిపేవాడు ఎంత జాగ్రత్తపడ్డాడో, ఎలా పక్కకి తిప్పుకున్నాడో పైడితల్లి బస్తీలో కథలు కథలుగా చెప్పింది. మొక్కలు నాటారు. ఏటి వైపు కూడా వదలకుండా చుట్టూ కంచె వేసి, బస్తీ వైపు ఒక్క గేటు పెట్టారు. తల్లులు వచ్చినప్పుడు తియ్యమనీ, వానకి పోయిన సున్నపు గీత మళ్లీ గియ్యమనీ కాపలావాడికి చెప్పారు. మాట నిలబెట్టుకున్నారు, పాపం ఎందుకనాలి?

ఈశ్వరి మనిషి మారింది. వానాకాలం వచ్చినా కంచం ముందు కూర్చుని ఏటి వైపు చూడడం మానేసింది. శుక్రవారం శుక్రవారం చెంబుతో నీళ్లూ ఆకులో ఇంత బెల్లమ్ముక్కా పట్టుకుని పోయేది, వచ్చి కడుపునిండా తినేది. దేముడికి ముద్ద దిగేది కాదు. ఆవిడ నిద్రపోతుంటే పక్కన పడుకుని, ఏ మొక్క కింద, ఏ గోతిలో, అనుకుంటూ కప్పు చూసేవాడు. పాలిచ్చే తల్లి పక్కన దొంగలా పడుకున్నట్టుండేది.

ఒక శుక్రవారం "నువ్వూ రా బావా" అంది. "అందరూ వత్తన్నారు. తండ్రివి, ఒక్కసారైనా కూకోవా?"

తప్పించుకోవడానికి ఏమీ దొరకలేదు. పోయాడు. ఈశ్వరి ముందు నడిచిపోయి గీత దాకా వెళ్లి, అక్కడ చెప్పులు విడిచి, లోపల కూర్చుంది. పైడితల్లి అప్పటికే వచ్చి ఏదో జోలపాట సన్నగా పాడుకుంటోంది. దేముడు మొక్కల మధ్య నుంచి వచ్చాడు. ఎక్కడ కాలు పెట్టాలో తెలియక, వేసిన అడుగు వెనక్కి తీసుకుంటూ, పక్కన వేస్తూ, కాలుతున్న నేలమీద నడిచేవాడిలా వచ్చాడు.

"సెప్పులేవి బావా?" అంది ఈశ్వరి.

"గేటు కాడ ఇప్పేసినాను."

"అక్కడెందుకు? ముళ్లు. ఇక్కడ కదేటి ఇప్పాల?"

దేముడి మడమలో ముల్లు విరిగి నెత్తురు మట్టిలో కలుస్తోంది. ఈశ్వరి ఆ కాలు చూసింది. తర్వాత గేటు వైపు చూసింది. గేటు పక్కన మగవాళ్ల చెప్పులు వరసగా ఉన్నాయి. పోలయ్యవి, శివశంకర్‌వి, ఆదిబాబువి. ఆ తండ్రులంతా ఒట్టి కాళ్లతో, మొక్కల్లోకి అడుగు వెయ్యకుండా కంచె వారనే నిలబడి ఉన్నారు. తల్లుల చెప్పులు మాత్రం సున్నపు గీత దగ్గరున్నాయి.

ఆవిడ చాలాసేపు ఆ రెండు వరసలనీ చూసింది.

"ఎవులికీ తెల్దా?" అంది, పైడితల్లికి వినపడకుండా.

"తెల్దు." అన్నాడు దేముడు. "మీ అయ్య ఎనక్కి సూడొద్దన్నాడు ఈశ్వరీ. నాను సూడనేదు."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండును. ఈశ్వరి చెంబు తీసుకుని లేచింది. లేస్తూ లేస్తూ, పాడుకుంటున్న పైడితల్లి తల ఒకసారి నిమిరింది, ఏమీ చెప్పలేదు. గీత దాటి బయటికొచ్చింది. తన చెప్పులు వేసుకోలేదు. మొదటి మొక్క దగ్గర వంగి పాదులో కాసిని నీళ్లు పోసింది. రెండో మొక్కకి పోసింది. మూడో మొక్క దగ్గర చెంబు అడుగంటింది. తిరగేసి, దులిపి, ఆఖరి చుక్క కూడా పడేదాకా ఆగి, తలెత్తి చూసింది. వంతెన దాకా అవే మొక్కలు.

"ఇంకాసిని నీళ్లు కావాల బావా" అంది చెంబు చాపి.

దేముడు అందుకున్నాడు. ఏరు ఎదురుగానే ఉంది, కంచెకి అవతల.